పొయ్యి వెలిగిన ప్రతి ఇంటి నుంచి

విమానాలు దిగడం మొదలైన ఏడాదే మా ఊళ్లో బయటి నుంచి వచ్చినవాడి తల మొదటిసారి పగిలింది. నీళ్ల ట్యాంకరు దగ్గర పగిలింది. పగలగొట్టినవాడు మా వీధివాడే, చేతిలో ఉన్నది ఇత్తడి బిందె. దెబ్బ తిన్నవాడు ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. "బీహారోడు" అన్నారు, అంతటితో సరిపోయింది. రోడ్డు మీది రక్తాన్ని ఎవరో చెంబెడు నీళ్లతో కడిగేశారు. బిందెల వరస మళ్లీ ముందుకు కదిలింది.

మాది శంషాబాద్ పక్కన, ఎయిర్‌పోర్టు ప్రహరీగోడకు ఆనుకుని ఉన్న చిన్న ఊరు. పేరు చెప్పను. చెబితే ఇప్పటికీ మా ఇంటి మీదికి కర్రలు పట్టుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. అంతకుముందు మా ఊళ్లో కొట్లాటలు లేవని నేను బుకాయించను. గొల్లలు, ముదిరాజులు, మాదిగలు, రెడ్లు, నాలుగు ముస్లిం కుటుంబాలు, అవతల చిన్న తండా ఉండేవి. గట్టు దగ్గర కొట్టుకునేవాళ్లు, కల్లు దగ్గర కొట్టుకునేవాళ్లు. కాకపోతే ఎవరు ఎవరిని కొడతారో, ఎవరు అడ్డం పోతారో, ఎవరు పంచాయితీ చెబుతారో ముందే తెలిసేది. కొట్టినవాడి పెళ్లికి దెబ్బ తిన్నవాడు పోయి భోజనం చేసి వచ్చేవాడు.

భూములు ఎయిర్‌పోర్టుకు పోయాక ఆ లెక్కంతా తప్పింది. బాపు ఆ దిగులుతోనే పోయాడు. ఇంటి వెనక మిగిలిన జాగాలో అమ్మ రేకుల రూములు వరసగా వేయించి కిరాయికి ఇచ్చింది. ఊరంతా అదే పని చేసింది. మొదట పాలమూరు వాళ్లు వచ్చారు, తర్వాత శ్రీకాకుళం వాళ్లు, ఆ వెనక ఒడిశా, బీహార్, బెంగాల్, జార్ఖండ్ వాళ్లు. తెలుగు రానివాళ్లందరినీ మా ఊరు ఒకే పేరుతో పిలిచింది, బీహారోళ్లని. కిరాణం కొట్టులో ఆవనూనె సీసాలు, ఖైనీ పొట్లాలు, ఉప్పుడు బియ్యం బస్తాలు వచ్చాయి. ఆవనూనె వాసనకు మొదట ముక్కు మూసుకున్న కొట్టావిడే తర్వాత దాన్ని కొలిచి కొలిచి అమ్మింది.

కోస్తా వైపు నుంచి ఒకాయన వచ్చి ప్లాట్ల ఆఫీసు తెరిచాడు. ఆయన "ఏమండీ, ఒక్క నిమిషం లోపలికి వస్తారా" అంటుంటే పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్లు. ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో ఆ నవ్వు రాళ్లయింది. ఒక పొద్దున ఆఫీసు అద్దాలన్నీ రోడ్డు మీద ఉన్నాయి. ఆయన నుదుటి మీద తువ్వాలు అదిమిపెట్టుకుని, చెప్పులు కూడా లేకుండా బస్సెక్కి పోయాడు. తెలంగాణ రావాలని నేనూ గొంతు చించుకున్నదాన్నే. అయినా ఆ తువ్వాలు చూస్తే నాకు సిగ్గేసింది. రాళ్లు విసిరినవాళ్లలో మా అన్న ఉన్నాడు.

మా అన్నకు కోపం ఎక్కువ. నాకూ ఎక్కువే. అతని కోపం చేతుల్లో ఉంటుంది, నాది నోట్లో ఉంటుంది, అంతే తేడా. భూమి పోయాక క్యాబ్ తోలేవాడు. ఒకప్పుడు బాపు వెనక నాగలి పట్టుకుని నడిచిన చోటికే సూట్‌కేసులు మోసుకుపోయి దించేవాడు. ప్రయాణికులు అతన్ని "ఏయ్" అని పిలిస్తే ఆ పూట ఇంట్లో ఏదో ఒకటి పగిలేది.

మా మొదటి రూములో ఒడిశా వాళ్లు దిగారు. ఆయన సెంట్రింగ్ పని చేసేవాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. వాళ్లను మా ఇంటికి తీసుకొచ్చిందే మా అన్న, శంషాబాద్ బస్టాండు దగ్గర కిరాయి రూము కోసం తిరుగుతుంటే చూసి. సాయంత్రాలు ఇద్దరూ గోడ మీద కూర్చుని బీడీలు కాల్చేవాళ్లు. ఆయన భార్య, మా అమ్మ కలిసి ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన గడ్డి పీకే కూలికి పోయేవాళ్లు. ఆమె అమ్మను మౌసీ అనేది, పిన్ని అన్నట్టు. వాళ్ల పాప మా వాకిట్లోనే పెరిగి, మాకంటే గట్టి యాసలో తెలుగు మాట్లాడేది. వచ్చే జూన్‌లో ఊరి బడిలో వేద్దామని మాట్లాడుకున్నారు.

వాళ్ల ఊరు బొగ్గు గని కిందికి పోయిందని ఆమె ఒకసారి చెప్పింది. ఇల్లు, పొలం, వాళ్ల దేవత గుడి, అన్నీ.

"అయితె నువ్వు గూడ మా అసొంటిదానివే" అంది అమ్మ.

"నీకు ఇల్లు ఉన్నది మౌసీ. మాకు గీ రూము తప్ప ఏం లేదు. ఈడికెల్లి పొమ్మంటే ఏడికి పోవాల్నో ఎరుక లేదు" అంది ఆమె. నవ్వుతూనే అంది. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాతి వేసవి మా ఊరికి అచ్చిరాలేదు. కొత్తగా వేసిన వెడల్పాటి రోడ్డు దాటుతూ మా కుర్రాళ్లు ఒకరి వెనక ఒకరు చచ్చిపోయారు. అందులో ఒకడు మా అన్నతో కలిసి పెరిగిన స్నేహితుడు. లారీ కింద పడిన అతన్ని అన్నే గోనెసంచిలో ఎత్తుకొచ్చాడు. ఆ రోజు నుంచి అన్న సరిగ్గా నిద్రపోలేదు, తాగనిదే అన్నం తినలేదు.

రోడ్డుకు బ్రిడ్జి కావాలని నేనన్నాను. బొడ్రాయి కావాలని పెద్దమనుషులన్నారు. బొడ్రాయి అంటే ఊరికి బొడ్డులాంటి రాయి, ఊరి నడిమధ్య పాతుతారు. మా పాత బొడ్రాయి సిమెంటు రోడ్డు కింద పడిపోయిందని, బొడ్డు తెగిన ఊరికి చావులు తప్పవని మా పెద్దబాపు తేల్చాడు. బాపుకు అన్న ఆయన, ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. కొత్త రాయి నిలబెట్టాలి. ఆ రోజు తెల్లవారకముందే ఊరి దారులన్నీ మూసేయాలి. ఇంటింటి బియ్యం ఒకచోట రాశి పోసి, బలిచ్చిన పోతు రక్తంతో కలిపి, పొలిమేర చుట్టూ చల్లుకుంటూ రావాలి. దాన్నే పొలి అంటారు. పొలి చల్లి తిరిగి వచ్చేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. దాటితే ఊరిని కాచే శక్తి దాటినవాళ్ల వెంటే వెళ్లిపోతుందని నమ్మకం. మా పొలిమేరలో సగం ఎయిర్‌పోర్టు ముళ్లకంచె అవతల ఉంది. అమ్మవారు కంచె ఎట్లా దాటుతుందని నేను అడిగితే పెద్దబాపు నన్ను కొరకొరా చూశాడు.

డప్పు కొట్టి చాటింపు వేశారు. "పొయ్యి ఎలిగిన ప్రతి ఇంటికెల్లి దోసెడు బియ్యం!"

ఆ మాట ఎన్ని తరాల నాటిదో. అది పుట్టినప్పుడు ఊళ్లో వెలిగే పొయ్యిలన్నీ ఊరివాళ్లవే. ఇప్పుడు సగానికి పైగా పొయ్యిలు కిరాయి రూముల్లో వెలుగుతున్నాయన్న సంగతి పెద్దమనుషులలో ఒక్కరికీ తట్టలేదు. కిరాయివాళ్లు లోపలివాళ్లా బయటివాళ్లా అని ఎవరూ నోరు తెరిచి అడగలేదు. అమ్మ చాటింపును చాటింపుగానే విన్నది. చాట పట్టుకుని మా ఇంటి బియ్యం పోసుకుని, వెనక రూముల వైపు నడిచింది.

"మౌసీ, నేను గూడ ఇయ్యాల్నా?" అంది ఒడిశా ఆమె, నమ్మలేనట్టు.

"నీ పొయ్యి ఎలుగుతలేదా ఏంది?"

ఆమె తలమీద కొంగు కప్పుకుంది. డబ్బాలోంచి దోసిలి నిండా తీసి, కళ్లకు అద్దుకుని చాటలో పోసింది. ఎర్రగా లావుగా ఉన్న గింజలు.

"అమ్మా, గవి ఉప్పుడు బియ్యమే" అన్నాను నేను.

"ఆళ్లు తినేదే ఇస్తరు గద. మనకోసం వేరే కొనుక్కొస్తరా?"

వడ్లను ఒకసారి ఉడకబెట్టి ఎండబోసి దంచిన బియ్యం అవి. పొలికి పచ్చి బియ్యమే ఉండాలట. ఉడికినవి ఎంగిలితో సమానమట. ఆ పట్టింపులన్నీ మగవాళ్లకు తెలుసు. బాపు పోయాక అమ్మను అసలు ఆ రాశి దగ్గరికే రానివ్వలేదు. చాటను మా అన్న చేతికిచ్చి పంపింది. అతను చూడకుండానే తీసుకుపోయి రాశిలో గుమ్మరించాడు.

పండుగనాడు ఊరి మొగన రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి వేపకొమ్మలు వేలాడదీశారు. తాడు దగ్గర కుర్రాళ్లు కర్రలతో కాపలా కూర్చున్నారు. పొద్దున్నే తాగి ఉన్నారు. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి కొత్త రాయి మీద పోశారు. డప్పుల మోతకు రేకులు అదిరాయి. పోతును నిలబెట్టారు. పొలి చల్లాల్సిన బైండ్లాయన రాశి ముందు కూర్చుని పసుపు కలపడానికి బియ్యంలోకి చేయి పెట్టాడు. పెట్టినవాడు ఆగిపోయాడు. గుప్పెడు పైకి తీసి అరచేతిలో పరిచి చూశాడు.

"పటేలా, గిండ్ల ఉడికిన బియ్యం పడ్డయి."

డప్పులు ఆగిపోయాయి. పెద్దబాపు వంగి చూశాడు, ఆయన ముఖం నల్లబడింది.

"ఎవని ఇంటికెల్లి వచ్చినయ్ గివి?"

అప్పుడు గుంపులోంచి ఎవడో అన్నాడు, "గా బీహారోళ్లు తింటరు గీ బియ్యం." ఇంకొకడు మా అన్న వైపు చూశాడు. ఆ చూపు వెనకే ఊరంతా మా అన్న వైపు తిరిగింది. స్నేహితుడి శవాన్ని గోనెసంచిలో మోసుకొచ్చినవాడు, ఆ చావులు ఆగాలని ఉపవాసం ఉన్నవాడు, తన చేతులతోనే పొలిని పాడుచేశాడని ఆ చూపులు అన్నాయి. అన్న మెడ నరాలు ఉబ్బడం నేను ఆడవాళ్ల వరసలోంచి చూశాను. అతను డప్పు కాచడానికి వేసిన మంట దగ్గరి కట్టెను లాక్కుని మా ఇంటి వైపు పరుగు తీశాడు. గుంపు వెనక ఉరికింది.

ఒడిశా ఆయన రూము ముందు నిలబడి తల తుడుచుకుంటున్నాడు. డప్పులు ఎందుకు ఆగాయా అని చూస్తున్నాడు. మా అన్నను చూసి నవ్వాడు. "క్యా హువా భయ్యా" అనేలోపు మొదటి దెబ్బ చెవి మీద పడింది. తడి తువ్వాలు ఎగిరి పడింది. ఆయన పడలేదు, గోడ పట్టుకుని నిలబడి ఇంకా అర్థంకానట్టు చూశాడు. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలాడు. ఆ తర్వాత ఎవరు కొట్టారో లెక్కలేదు. కాళ్లతో తన్నారు, రాళ్లతో కొట్టారు. తల కాపాడుకోవడానికి పైకెత్తిన కుడిచేతిని ఒకడు బండ మీద పెట్టి ఇంకో బండతో మోదాడు. ఆ చప్పుడు నేను విన్నాను. ఎండిన కంది కట్టె విరిగినట్టు విరిగింది.

మా అన్న ఎందుకు అందరికంటే ముందు కొట్టాడో నాకు అప్పుడే తెలిసిపోయింది. పగతో కాదు. మేము వాళ్లవాళ్లం కాదు, మీవాళ్లమే అని ఊరికి చూపించడానికి కొట్టాడు. "నీ చేతులు పడిపోను" అని అరిచాను. డప్పులు ఆగినా నా గొంతు ఎవరికీ వినపడలేదు.

అమ్మ మాత్రం గుంపును చీల్చుకుని లోపలికి పోయింది. ఆయన మీద అడ్డంగా పడింది.

"బావా, ఆపుమను! బియ్యం నేను అడుక్కొచ్చిన. పొయ్యి ఎలిగిన ప్రతి ఇల్లు అన్నరు గద, నేనే అడిగి పోయించుకున్న. కొట్టేదుంటే నన్ను కొట్టు."

"నువ్వు ఊకో! ముండమోసినదానివి నీకెందుకు గీ సంగతులు?" అన్నాడు పెద్దబాపు.

అన్న ఆమెను భుజం పట్టి లాగి పక్కకు తోశాడు. అమ్మ గడప మీద పడింది. పెదవి చిట్లి, ముందు పన్ను ఊడి నోరంతా రక్తమైంది. అన్న ఆ రక్తం చూశాడు. కట్టె కింద పడేశాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

గుంపు వెనక్కి మళ్లింది. బియ్యం మళ్లీ ఎత్తాలి, మళ్లీ రాశి పోయాలి. పొలి మళ్లీ మొదటి నుంచి మొదలు. ఒడిశా ఆయన్ని మంచం మీద పడుకోబెట్టాం. చెవిలోంచి రక్తం ఆగడం లేదు. కుడిచేయి మణికట్టు కింద ఉబ్బి నల్లగా మారింది. ఆమె ఏడవలేదు. కొంగు తడిపి రక్తం తుడుస్తూ, పిండుతూ, మళ్లీ తుడుస్తూ ఉంది. పాపను పక్క రూమువాళ్లు దాచారు. ఆయన వాంతి చేసుకుని కళ్లు తేలవేశాడు.

నేను ఫోన్ చేసి అంబులెన్సును పిలిచాను. అది వచ్చి తాడు అవతల ఆగింది. కుర్రాళ్లు లోపలికి రానివ్వలేదు. నేను పరుగెత్తుకుంటూ పెద్దబాపు దగ్గరికి పోయాను.

"పెద్దబాపు, ఆయన సచ్చిపోతడు. దవాఖానకు పోనియ్యి."

"పొలి అయ్యేదాక ఎవ్వరు ఊరు దాటరు."

"అప్పటిదాక బతుకుతడా?"

"ఆళ్లల్ల ఒక్కడు. మన పోరగాండ్లు ఎంతమంది సచ్చిన్రో నీకెరుక లేదా?"

ఆయన క్రూరుడేమీ కాదు. నా చిన్నప్పుడు జ్వరం వస్తే ఇదే పెద్దబాపు నన్ను భుజాన వేసుకుని శంషాబాద్ దాకా నడిచాడు. ఆ రోజు మాత్రం ఆయన ముఖం చూస్తే ఉమ్మేయాలనిపించింది. వెనక్కి వచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నోట్లోని రక్తం ఉమ్మి, గోడకు వేలాడుతున్న గడ్డి కొడవలి తీసుకుంది.

"లేపున్రి మంచం" అంది.

నాలుగు కాళ్లకు నలుగురం. ఒకవైపు నేను, ఆమె. ఇంకోవైపు పక్క రూముల బీహార్ మనిషి, బెంగాల్ మనిషి. ముందు అమ్మ నడిచింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. ఆగమని అరిచినవాళ్లే తప్ప, చేయి వేసినవాళ్లు లేరు. తాడు దగ్గర కుర్రాళ్లు లేచి నిలబడ్డారు. వాళ్లలో మా అన్న ఉన్నాడు. ఎర్రబడిన కళ్లతో, వట్టి చేతులతో.

"అమ్మా, దాటకు. ఊరు పాడైతది."

"ఊరు పాడైంది బిడ్డా. నువ్వే చేసినవ్."

అమ్మ కొడవలి ఎత్తి తాడు మీద వేసింది. వేపకొమ్మలు రోడ్డు మీద పడ్డాయి. అందరం ఒక్క ఉదుటున దాటాం. వెనక నుంచి రాళ్లు మొదలయ్యాయి. ఒకటి నా కనుబొమ మీద తగిలి కన్ను మూసుకుపోయింది. ఒకటి బెంగాల్ మనిషి వీపు మీద పడింది, ఆయన మంచం కోడు వదల్లేదు. మా అన్న రాయి విసరలేదు. విసిరేవాళ్లను ఆపనూ లేదు.

ఆరాంఘర్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగిపోయింది. అంబులెన్సు మొత్తుకుంటూనే ఉంది, ముందున్న లారీ కదలదు. ఆయన ఊపిరి గురకలాగా వస్తోంది. నేను కిటికీ బాదుతూ నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆమె నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

దవాఖానలో కుట్లు వేశారు, చేతికి కట్టు కట్టారు, తల లోపల రక్తం గడ్డకట్టలేదని, బతుకుతాడని చెప్పారు. అప్పుడుగానీ ఆమె ఏడవలేదు. సాయంత్రానికి ఆయన కళ్లు తెరిచాడు. దెబ్బల కేసు కాబట్టి పోలీసాయన మంచం దగ్గరికి వచ్చి ఎట్లా తగిలాయని అడిగాడు.

వాచిన పెదవులు కష్టంగా కదిలాయి. "గిర్ గయా సాబ్. పరంజా మీదికెల్లి."

"పడ్డడు సార్. పనికాడ పడ్డడు" అంది ఆమె వెంటనే.

పోలీసాయన తల ఊపి వెళ్లబోయాడు. చేతులు దులుపుకోవడానికి ఆయనకు అంతకంటే మంచి జవాబు దొరకదు. అమ్మ గోడకు ఆనుకుని కూర్చున్నదల్లా లేచింది.

"పడలేదు సార్. కొట్టిన్రు. మొదలు కొట్టింది నా కొడుకు."

ఆమె చటుక్కున అమ్మ చేయి రెండు చేతులతో పట్టుకుంది. గట్టిగా పట్టుకుని ఊపింది. ఆ పట్టు చూసి నాకు ఏడుపొచ్చింది. కన్నకొడుకు పేరు చెప్పిన తల్లికి ఇంకో ఆడది దండం పెడుతోందనుకున్నాను. అమ్మ ఒక్కొక్క పేరూ చెప్పింది. పెద్దబాపు పేరు కూడా. నా జన్మలో అమ్మను చూసి అంత గర్వపడ్డ రోజు ఇంకోటి లేదు.

తెల్లవారి పోలీసు జీపు మా ఊరికి పోయింది. మా అన్నను, ఇంకొందరిని తీసుకుపోయారు. జీపు అటు పోగానే ఊరు ఇటు రూముల మీద పడింది. సాక్ష్యం చెప్పడానికి ఒక్కడు కూడా మిగలకూడదని కిరాయివాళ్ల సామాన్లన్నీ వీధిలోకి విసిరేశారు. మా రూములవే కాదు, ఊరందరి రూములవీ. గిన్నెలు, పరుపులు, ఇనుప పెట్టెలు, పిల్లల చెప్పులు వీధి నిండా. వాటిని ఏరుకుని బీహార్ వాళ్లు, బెంగాల్ వాళ్లు, పాలమూరు వాళ్లు కూడా పెద్ద రోడ్డు వైపు నడిచారు. మంచం మోసిన బెంగాల్ మనిషిని దారిలో పట్టుకుని మళ్లీ కొట్టారట. మా ఇంటికి నీళ్లు బంద్ చేశారు. కొట్టావిడ మాకు ఉప్పు కూడా అమ్మలేదు. అమ్మ ఇవేవీ లెక్కచేయలేదు. "సత్యం చెప్పినం. గిదంత పోతది" అనేది. అన్నట్టే కొన్నాళ్లకు అంతా సద్దుమణిగింది. అన్న బెయిల్ మీద బయటికి వచ్చాడు. ఊళ్లోవాళ్లు రూములకు మళ్లీ సున్నం వేశారు. కిరాయి లేకుండా ఎన్నాళ్లుంటారు? వేరే ఒడిశా వాళ్లు, వేరే బీహార్ వాళ్లు వచ్చి దిగారు.

ఒడిశా ఆయన దవాఖాన నుంచి మళ్లీ మా ఊరికి రాలేదు. పాపను పక్క రూమువాళ్లు పోతూ పోతూ దవాఖానలో దించారు. హిమాయత్ సాగర్ వైపు ఎవరిదో కట్టుబడి దగ్గర షెడ్డులో ఉంటున్నారని తెలిసింది. కుడిచేతి వేళ్లు మడవడం రావడం లేదట. సెంట్రింగ్ పని చేసేవాడికి వేళ్లు మడవకపోతే ఇంకేముంది?

ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే వచ్చింది, వదిలేసి పోయిన గిన్నెల కోసం. అరుగు మీద కూర్చున్న అన్న ఆమెను చూసి తల దించుకుని లోపలికి పోయాడు. అమ్మ ఎదురుపోయి ఆమె చేతులు పట్టుకుంది.

"రూము అట్లనే ఉంచిన బిడ్డా. ఎవ్వరికి ఇయ్యలేదు. పాపను తీస్కొని రాన్రి."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"ఎట్ల వస్తం మౌసీ? ఊరోళ్లను జైలుకు పంపినోళ్లు అంటరు మమ్మల్ని. మల్ల వస్తే సంపుతరు."

"పంపింది నేను గద."

"నీకు ఇల్లు ఉన్నది. తిట్టినా నువ్వు ఈ ఊరిదానివే." ఆమె కింద కూర్చుని గిన్నెలు ఒక్కొక్కటే దగ్గరికి తీసుకుంది. "పడిన అని ఆయన ఎందుకు చెప్పిండు ఎరుకేనా? మల్ల గీ రూముకే వద్దమని. పాపను బడిల ఏద్దమని. దెబ్బలు మానుతయ్, రెండు నెలలకు అందరు మర్చిపోతరు అన్నడు. దవాఖానల కండ్లు తెరవంగనే మా భాషల నాకు చెప్పిండు, ఎవ్వరి పేరు చెప్పొద్దని."

"మరి నన్నేం చేయమంటవ్? కొట్టినోడు నా కొడుకని అబద్ధం ఆడాల్నా?"

"నీ కొడుకు కోసం కాదు. మా కోసం ఆడాలె." కన్నీళ్లు తుడుచుకోకుండానే అంది. "నీ చెయ్యి పట్టుకున్న మౌసీ. వద్దు వద్దు అని పట్టుకున్న. నువ్వు చూడలే. నన్ను ఒక్క మాట అడగలే."

గిన్నెలు మూటగట్టుకుని, అమ్మ ఇవ్వబోయినవేవీ తీసుకోకుండా ఆమె వెళ్లిపోయింది. తర్వాత వాళ్లు హిమాయత్ సాగర్ దగ్గర కూడా లేరు. ఎక్కడికి పోయారో తెలియదు. పోవడానికి వాళ్లకు ఊరు లేదని మాత్రం తెలుసు.

అమ్మ చేసింది తప్పని నా ముందు ఎవరన్నా అంటే నేను ఇప్పటికీ ఒంటికాలి మీద లేస్తాను. కానీ ఆ మధ్యాహ్నం ఆమె అన్నదీ నిజమే. ఆయన్ని కొట్టేటప్పుడు ఊరు ఆమెను అడగలేదు. కాపాడేటప్పుడు మేమూ అడగలేదు.